డేటాబేస్ ఒక్కటే, మరి 'డిస్ట్రిబ్యూటెడ్' అనే ఎర్రర్ ఎందుకొస్తోంది?

ఈ రోజు ఎపిసోడ్ డాట్‌నెట్, ఎస్‌క్యూఎల్ సర్వర్ మీద పనిచేసేవాళ్ల కోసం.

ఒక వాలెట్ యాప్ అనుకుందాం. నా అకౌంట్‌లోంచి 500 రూపాయలు తీసి మీ అకౌంట్‌లో వేయాలి. తీయడం అయ్యి వేయడం ఆగిపోతే? అందుకే రెండు పనులూ ఒకే ట్రాన్సాక్షన్‌లో పెడతాం. అయితే రెండూ అవ్వాలి, లేదంటే రెండూ అవ్వకూడదు. డాట్‌నెట్‌లో దీనికి ట్రాన్సాక్షన్‌స్కోప్ ఉంది.

నేను చూసిన ఒక ప్రాజెక్ట్‌లో ఇలాంటి కోడే ఏళ్ల తరబడి బాగా నడిచింది. డాట్‌నెట్ 6కి మార్చాక మాత్రం, డబ్బు పంపిన ప్రతిసారీ 'ఈ ప్లాట్‌ఫామ్‌లో డిస్ట్రిబ్యూటెడ్ ట్రాన్సాక్షన్లు కుదరవు' అని ఎర్రర్. "మాకున్నది ఒక్కటే డేటాబేస్ కదా, డిస్ట్రిబ్యూటెడ్ ఎక్కడిదండీ?" అని టీమ్‌లో పిల్లలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

విషయం డ్రైవర్ల దగ్గరుంది. డబ్బు తీసే పాత కోడ్ సిస్టమ్ డాట్ డేటా డాట్ ఎస్‌క్యూఎల్‌క్లయింట్ వాడుతోంది. డబ్బు వేసే కొత్త కోడ్ ఈఎఫ్ కోర్‌తో రాశారు. ఈఎఫ్ కోర్ 3.0 నుంచి లోపల వాడేది మైక్రోసాఫ్ట్ డాట్ డేటా డాట్ ఎస్‌క్యూఎల్‌క్లయింట్. పేర్లు దగ్గరగానే ఉన్నాయి గానీ, ఎవరి కనెక్షన్ పూల్ వాళ్లదే.

మామూలుగా ఏం జరుగుతుందంటే, స్కోప్ లోపల మీరు కనెక్షన్ మూసినా డ్రైవర్ దాన్ని ఆ ట్రాన్సాక్షన్ పేరు మీద పక్కన ఉంచుతుంది. అదే కనెక్షన్ స్ట్రింగ్‌తో మళ్లీ తెరిస్తే ఆ పాతదే చేతికిస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2008 నుంచి ఈ సౌకర్యం ఉంది. కానీ రెండో డ్రైవర్‌కి మొదటి దాని పూల్ కనపడదు కదా, కొత్త కనెక్షన్ తెరుస్తుంది. సర్వర్ ఒకటే అయినా ఇప్పుడు భాగస్వాములు ఇద్దరు. ఇద్దరికీ మధ్యవర్తి కావాలి. విండోస్‌లో ఆ మధ్యవర్తి పేరు ఎంఎస్‌డీటీసీ.

పెళ్లి మాటల్లాగే అన్నమాట. మధ్యవర్తి ముందు రెండు వైపులా "సిద్ధమేనా?" అని అడుగుతాడు. ఇద్దరూ సరే అన్నాకే ఖాయం చేస్తాడు. ఆ సరేకీ ఖాయానికీ మధ్యలో మధ్యవర్తి మాయమైతే? ముందుకు వెళ్లలేరు, రద్దు చేసుకోలేరు. డేటాబేస్‌లో అయితే ఆ వరుసల మీద తాళాలు అలాగే పడి ఉంటాయి, వెనక వచ్చేవాళ్లందరూ ఆగిపోతారు.

డాట్‌నెట్ కోర్ నుంచి డాట్‌నెట్ 6 దాకా ఈ మధ్యవర్తే లేడు, అందుకే ఎర్రర్. 2022 నవంబర్‌లో డాట్‌నెట్ 7తో వచ్చాడు, అదీ విండోస్‌లో మాత్రమే. లినక్స్ కంటైనర్‌లో నడిపేవాళ్లకి లాభం లేదు. నన్నడిగితే, ఒక్క డేటాబేస్ కోసం అతన్ని పిలవడమే అనవసరం.

అంతా ఒకే డ్రైవర్‌కి మార్చండి. ఒక కనెక్షన్ మూశాకే ఇంకోటి తెరవండి. రెండూ ఒకేసారి తెరిచి ఉంటే ఒకే డ్రైవర్ అయినా మళ్లీ అదే గొడవ.

ఇక్కడ ఇంకో చిక్కుంది. కొత్త డ్రైవర్ 4.0 నుంచి ఎన్‌క్రిప్షన్ డీఫాల్ట్‌గా ఆన్. మార్చగానే సర్టిఫికెట్ ఎర్రర్ రావచ్చు. అప్పుడు కొందరు హడావిడిగా ఒక మాడ్యూల్‌లో మాత్రం 'ట్రస్ట్ సర్వర్ సర్టిఫికెట్' అని స్ట్రింగ్‌కి తగిలిస్తారు. ప్రొడక్షన్‌లో అది భద్రతకి మంచిది కాదు, సరే. దానికి తోడు స్ట్రింగ్ మారింది కాబట్టి పూల్ కూడా వేరైపోయింది! తిరిగి తిరిగి మొదటికే వచ్చాం. స్ట్రింగ్ ఒకే చోట పెట్టి అందరూ అక్కడి నుంచే తీసుకోండి.

సరిచేశాక టెస్ట్‌లో, కంప్లీట్ పిలిచే ముందు, ట్రాన్సాక్షన్ ఇన్ఫర్మేషన్‌లోని డిస్ట్రిబ్యూటెడ్ ఐడెంటిఫయర్ ప్రింట్ చేసి చూడండి. అన్నీ సున్నాలైతే ట్రాన్సాక్షన్ లోకల్‌గానే ఉంది. వేరే అంకెలు కనిపిస్తే ఎక్కడో రెండో కనెక్షన్ దూరినట్టే, వెతకండి.

నిజంగానే రెండు డేటాబేస్‌లు ఉంటే అవుట్‌బాక్స్ టేబుల్ పద్ధతి ఉంది. అది వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటాను.