క్లచ్ ప్లేట్లు మార్చాక తిరిగి బిగించేటప్పుడు నేను చేసిన తప్పు మీరు చేయకండి

పోయిన ఎపిసోడ్‌లో పాత క్లచ్ ప్లేట్లు విప్పినం కదా, ఇయ్యాల కొత్తవి ఎక్కిద్దాం.

ముందు నా తప్పు చెప్తా. బీటెక్‌లో ఉన్నప్పుడు బాపు బండికి ప్లేట్లు నేనే వేసిన. ఆయిల్‌లో నానబెట్టలే. కేబుల్ కూడా టైట్‌గా పెట్టిన. తెల్లారి బాపు నిజామాబాద్ నుంచి బోధన్ పోతుంటే, 2015లో మూతపడ్డ షుగర్ ఫ్యాక్టరీ ఉంది చూడండి, శక్కర్‌నగర్, ఆడ ఇంజిన్ అరుస్తుంది గానీ బండి కదలదు. కొత్త ప్లేట్లు మాడిపోయినయి. ఎండలో బండి తోసుకుంటూ పోయిండు. ఇంటికొచ్చి ఒక్క మాట అనలే. తిట్టినా బాగుండు అనిపించింది.

ఇప్పుడు పద్ధతి చూడండి. ఫ్రిక్షన్ ప్లేట్లను ఇంజిన్ ఆయిల్‌లో రాత్రంతా నానబెట్టాలి. చాలా బండ్లల్లో మొదట ఫ్రిక్షన్ ప్లేట్, తర్వాత స్టీల్ ప్లేట్, ఇట్ల ఒకటి విడిచి ఒకటి; చివరికి మళ్లీ ఫ్రిక్షన్ ప్లేటే. మీ బండి మాన్యువల్ ఒకసారి చూసుకోండి. ప్రెజర్ ప్లేట్ గాడిలో సరిగ్గా కూర్చున్నాకే స్ప్రింగులు పెట్టండి. బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెం బిగించాలి. ఒక్కటే పూర్తిగా బిగిస్తే ప్లేట్ వంకర కూర్చుంటది. కవర్‌కు కొత్త గ్యాస్కెట్ వేసి, జాసో ఎంఏ గ్రేడ్ ఆయిల్ పోయండి.

ఆఖరుది, అసలుది: లివర్ చివర దాదాపు 10–20 మిల్లీమీటర్ల ఫ్రీ ప్లే ఉండాలి. అది లేకపోతే క్లచ్ పూర్తిగా పట్టదు, జారి జారి మాడుతది.

బిగించినంక ముందు మీరే నడిపి చూడండి. తర్వాతనే బాపుకు తాళం ఇవ్వండి.