డ్రిల్లు సారు చెప్పాల్సిన మాట
(స్వర్ణోత్సవ సభలో పూర్వ వ్యాయామ ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)

ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పూర్వ విద్యార్థులారా, తలలు నెరిసినా మీరు నాకు పిల్లలే.

పబ్లిక్ పరీక్షలు దగ్గరపడితే నా పీరియడ్‌ను లెక్కల సారు, ఇంగ్లీషు సారు పంచుకునేవాళ్లు. ఈ రోజు నా పీరియడ్ నాకే ఇచ్చారు, సంతోషం.

మన మైదానం మీకు గుర్తుండే ఉంటుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. గడ్డి మొలవని గరుసు నేల. పడితే మోకాలి తోలు ఊడాల్సిందే. నా దగ్గర ఉండేది ఒక విజిలు, టించరు సీసా, కొంచెం దూది. ఆటల నిబంధనలు శిక్షణలో నేర్చుకున్నాను. దెబ్బ తగిలిన బిడ్డను చూసుకోవడం మాత్రం మీ మీదే నేర్చుకున్నాను. అందులో జరిగిన ఒక తప్పు చెప్పాలనే ఈ మైకు పట్టుకున్నాను.

ఒక ఏడాది మన ఆడపిల్లల జట్టు ఖోఖో ఫైనలుకు చేరింది. ముందురోజు ఆటలో బాగా పరిగెత్తే అమ్మాయి స్తంభం దగ్గర మలుపు తిరుగుతూ పడింది. మోకాలు వాచింది. బామ్ వేసి గట్టిగా రుద్ది గుడ్డ చుట్టాను. మరునాడు "ఆడతావా అమ్మా?" అన్నాను. "ఆడతాను సార్" అంది. పద్నాలుగేళ్ల పిల్ల సారుకు ఇంకేం చెబుతుంది? 12 మంది జట్టులో ఆడేది 9 మంది. ముగ్గురు బయట కూర్చునే ఉన్నారు. అయినా ఆమెనే దించాను. గెలిచాం. ఆ కప్పు ఇప్పటికీ బీరువాలో ఉంది. ఆమె మాత్రం మళ్లీ పరిగెత్తలేదు. బుడ్డల పంట ఎండిపోయిన ఏడాది వాళ్ల నాన్న అప్పు చేసి ఆస్పత్రుల చుట్టూ తిరిగాడు. కీలును పట్టి ఉంచే లిగమెంటు తెగిందని చాలా ఆలస్యంగా తెలిసింది.

అమెరికాలో చాలా హైస్కూళ్లలో అథ్లెటిక్ ట్రైనర్ అని ఒకరుంటారు. ఆట నేర్పేది కోచ్, దెబ్బ తగిలిన బిడ్డ ఆడొచ్చా లేదా చూసేది ఈయన. గెలుపు కోరేవాడి చేతిలో ఆ నిర్ణయం ఉండకూడదు. ఇక్కడ రెండూ నేనే. అందుకే ఆ తర్వాత ఆ మాట సైన్సు టీచరమ్మకు అప్పగించాను. ఆమె వద్దంటే వద్దు.

తర్వాత నేర్చుకున్నవి చెబుతాను. వాచిన కీలును రుద్దకూడదు. మంచుగడ్డను గుడ్డలో చుట్టి పావుగంట పెట్టి, కాలు ఎత్తులో ఉంచాలి. బరువు మోపలేకపోతే డాక్టరుకు చూపించాలి. ఎండకు సొమ్మసిల్లితే నీడకు చేర్చి, ఒళ్లు తడిపి విసరాలి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయకూడదు, తడుపుతూనే 108కు ఫోన్ చేయాలి. అన్నిటికంటే ముందు "పొద్దున ఏమైనా తిన్నావా?" అని అడగాలి. అమ్మానాన్నలు బెంగళూరు వలసపోయిన పిల్లలు ఎందరో ఖాళీ కడుపుతో ఆటకొచ్చేవాళ్లు.

మన అనంతపురంలో ఆర్డీటీ వారి మంచి మైదానాలున్నాయి. 2010లో నాదల్ టెన్నిస్ బడి కూడా వచ్చింది. అయినా మన పిల్లల్లో ఎక్కువమంది ఆడేది ఇలాంటి గరుసు నేల మీదే. కాబట్టి స్వర్ణోత్సవ గుర్తుగా ఆర్చి కట్టాలనుకుంటున్న మీకు ఒక మనవి. ముందు ఒక మంచుపెట్టె, ఒక స్ట్రెచరు, నాలుగు వేపచెట్లు, ఏటా ఒకరోజు ప్రథమ చికిత్స శిక్షణ ఇవ్వండి. ఆర్చి తర్వాత చూద్దాం.

ఆ అమ్మాయి ఈ రోజు వచ్చింది. పొద్దున గేటు దగ్గర పలకరించి, "నాకేం కోపం లేదు సార్" అంది. నీకు లేకపోవచ్చు తల్లీ. అయినా అందరి ముందూ చెబుతున్నాను. ఆ రోజు నిన్ను ఆడించడం నా తప్పు.

సెలవు.