పన్ను ఎక్కడ గీత గీస్తే బతుకు అక్కడే మలుపు

పన్నుల మీద ఉపన్యాసమంటే కుర్చీలు ఖాళీగా ఉంటాయనుకున్నాను. ఇంతమంది వచ్చారు కాబట్టి సెక్షన్లూ నోటిఫికేషన్లూ చదివి మిమ్మల్ని బాధపెట్టను. బియ్యంతో మొదలుపెడతాను.

ఈమధ్య బియ్యం కొట్టులో 26 కిలోల బస్తాలు చూసే ఉంటారు. మొన్నమొన్నటి దాకా అది పాతిక కిలోల బస్తా. ఆ కిలో ఎందుకు పెరిగింది? మిల్లరు మనకి కొసరు వేశాడా? లేదు. 2022 జూలై 18 నుంచి, ముందే ప్యాక్ చేసి లేబులు అంటించిన బియ్యం 25 కిలోల వరకు ఉంటే 5 శాతం జీఎస్టీ వేశారు. 25 దాటితే పన్ను లేదు. కిలో 60 రూపాయలనుకుని లెక్క వేయండి. పాతిక కిలోల బస్తా 1,500, దాని మీద పన్ను 75, మొత్తం 1,575. 26 కిలోల బస్తా 1,560, అంతే. కిలో బియ్యం ఎక్కువ, పదిహేను రూపాయలు తక్కువ! అలాంటప్పుడు పాతిక కిలోల బస్తా ఎవరు కుడతారు?

అంతకుముందు కూడా ఇదే తంతు. 2017లో జీఎస్టీ వచ్చిన కొత్తలో రిజిస్టరైన బ్రాండు బియ్యానికే పన్ను అన్నారు. కొందరు వ్యాపారులు బ్రాండు రిజిస్ట్రేషనే వదులుకున్నారు. గీత ఎక్కడ గీస్తే వ్యాపారం దాని పక్కకి జరిగి కూర్చుంటుంది. దీన్ని మోసం అనలేం, చట్టం ఇచ్చిన దారే అది. నష్టమల్లా ఒకసారి పదిహేను వందలు తీయలేనివాడికే. రోజు కూలితో ఇల్లు గడిపే మనిషి ఐదు కిలోలో పది కిలోలో ఉన్న సంచి కొంటే పన్ను కట్టి కొంటాడు. నెల జీతగాడు పెద్ద బస్తా కొని పన్ను లేకుండా తింటాడు. విడిగా తూచి ఇస్తే పన్ను లేదన్న మాట నిజమే. కానీ ఆ విడి బియ్యం ఎక్కడ దొరుకుతోందో, ఎలా ఉంటోందో మీకే బాగా తెలుసు.

పన్ను ఎవరు కడతారన్నది ఒకటి, ఎవరు మోస్తారన్నది వేరొకటి. ఈ సంగతి మన శృంగవరపుకోట ప్రాంతానికి కొత్త కాదు. పక్కనున్న పద్మనాభంలో 1794 జూలై 10న విజయనగరం రాజు విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయాడు. ఆ గొడవ ముదిరిందే పేష్కష్, అంటే కంపెనీకి జమీందారు కట్టే కప్పం బకాయిల దగ్గర. తర్వాత 1802లో శాశ్వత శిస్తు ఒప్పందం వచ్చింది. విజయనగరం జమీందారీ కంపెనీకి కట్టాల్సిన పేష్కష్ 5 లక్షల రూపాయలని తేల్చారు. జమీందారు కట్టేది కదలదు. మరి జమీందారుకి రైతు కట్టే శిస్తో? దానికి అలాంటి కట్టడి లేదు. పంట పెరిగితే లాభం పైకి పోతుంది, పంట పోతే భారం కింద మిగులుతుంది. అలాంటప్పుడు రైతు బావి తవ్వించడానికి ఎందుకు పూనుకుంటాడు? రైతుకి భూమి మీద హక్కు గట్టిపడడానికి 1908 నాటి ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం దాకా ఆగాలి. జమీందారీలు పోవడానికి 1948 చట్టం రావాలి. పన్ను రూపకల్పన తప్పితే అభివృద్ధి ఎన్ని తరాలు ఆగుతుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

సరే, ఇప్పటి ఉదాహరణగా డీజిల్ సంగతి చూద్దాం. 2025 నాటి రేట్లు చెబుతున్నాను. డీజిల్ మీద ఆంధ్రలో వ్యాట్ 22.25 శాతం, ఒడిశాలో 24. శాతం చూస్తే మనదే తక్కువ. మరి ఇచ్ఛాపురం దగ్గర సరిహద్దు దాటే లారీ డ్రైవరు అవతల ఎందుకు ట్యాంకు నింపుకుంటాడు? మన దగ్గర శాతం మీద లీటరుకి ఇంకో 4 రూపాయల వ్యాట్, ఆపైన 2020లో పెట్టిన రూపాయి రోడ్డు సెస్సు ఉన్నాయి కాబట్టి. శాతాన్ని పేపర్లో వేస్తారు, రూపాయలు బంకులో తెలుస్తాయి.

అసలు చిక్కు ఇంకోటుంది. డీజిల్ జీఎస్టీలో లేదు. సిమెంటు డీలరు కొన్న సరుకు మీద కట్టిన జీఎస్టీని తను కట్టాల్సిన దాంట్లో మినహాయించుకోవచ్చు. లారీలో పోసిన డీజిల్ మీద పన్నుకి ఆ వెసులుబాటు లేదు. అది కిరాయిలో కలుస్తుంది, కిరాయి సరుకు ధరలో కలుస్తుంది. టమాటాకి పన్ను లేదంటాం. విశాఖ మార్కెట్ నుంచి వచ్చే టమాటా డీజిల్ పన్ను మోసుకునే వస్తుంది. కూరగాయలమ్మే మనిషి బిల్లు ఇవ్వదు కాబట్టి మనకి అది కనబడదు. 2017లో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేయడం వల్ల లారీలకి దారిలో టైము కలిసొచ్చింది, అది మంచి సంస్కరణే. డీజిల్‌ని బయట వదిలేయడంతో సగంలో ఆగింది.

పన్ను మాటిమాటికీ మారితే ఏమవుతుందో కూడా చూద్దాం. మన స్టేషన్ మీదుగా కిరండూల్ లైన్లో ఇనుప ఖనిజం పోతూనే ఉంటుంది కదా. 2022 మే నెలలో ఉక్కు ధరలు దించాలని ఖనిజం ఎగుమతి సుంకాన్ని 50 శాతానికి పెంచారు. ఎగుమతులు పడిపోయాయి. నవంబరులో ఆ పెంపును వెనక్కి తీసుకున్నారు. ఆరు నెలలకోసారి మారే పన్నుని నమ్మి ఎవరూ గని మీదో వ్యాగన్ల మీదో పెట్టుబడి పెట్టరు. నా దృష్టిలో ఎక్కువ పన్ను కన్నా ఊగే పన్ను పెద్ద చేటు.

ఇక 2025 సెప్టెంబరు 22న జీఎస్టీలో వచ్చిన మార్పు. 12, 28 శ్లాబులు దాదాపుగా పోయాయి. సబ్బు, తలనూనె, టూత్‌పేస్టు 5 శాతానికి దిగాయి. సిమెంటు 28 నుంచి 18కి వచ్చింది. పన్ను కాకుండా బస్తా 300 అనుకుంటే, 384 పడేది 354 పడాలి. ఇల్లు కడుతున్నవాళ్లు ఆ ముప్పై మీ దాకా వచ్చిందో లేదో పాత బిల్లు పక్కన పెట్టి చూసుకోండి. ఎందుకంటే, రేటు తగ్గినా ధర తగ్గించని వ్యాపారి మీద జీఎస్టీ చట్టం కింద కొత్త ఫిర్యాదులు తీసుకోవడం 2025 ఏప్రిల్ 1 నుంచే ఆపేశారు. కాపలా తీసేశాక తగ్గింపు ఇచ్చారన్నమాట.

వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం సున్నా అయింది, సంతోషం. అయితే పన్ను లేని సరుకు అమ్మేవాడికి తను కట్టిన పన్ను వెనక్కి రాదు. కంపెనీ కట్టే ఆఫీసు అద్దె మీద, సాఫ్ట్‌వేర్ మీద పన్ను అలాగే మిగిలి ఉంటుంది. కాబట్టి ప్రీమియం ఆ పన్ను మేరకు శాశ్వతంగా తగ్గి ఉంటుందని ఆశించకండి.

జీఎస్టీ రేట్లు తేల్చేది జీఎస్టీ కౌన్సిల్. అక్కడ ఓట్లలో కేంద్రానికి మూడో వంతు, రాష్ట్రాలన్నిటికీ కలిపి రెండొంతులు. తీర్మానం నెగ్గాలంటే నాలుగింట మూడొంతులు కావాలి. అంటే రాష్ట్రాలు ఒప్పుకోకుండా కేంద్రం ఒక్కటే అక్కడ ఏమీ చేయలేదు, కేంద్రం లేకుండా రాష్ట్రాలూ చేయలేవు. డీజిల్ జీఎస్టీలోకి ఎప్పుడొస్తుందో చెప్పాల్సింది ఆ కౌన్సిలే. మన ఆర్థిక మంత్రి అందులో సభ్యుడు. రేపు ఓటు అడగడానికి శృంగవరపుకోట నియోజకవర్గంలో ఎవరొచ్చినా, ఏ పన్ను తగ్గిస్తారని అడిగితే అందరూ తగ్గిస్తామనే అంటారు. డీజిల్ మీద, పది కిలోల బియ్యం సంచి మీద కౌన్సిల్లో మన రాష్ట్రం ఏం మాట్లాడిందో చెప్పమని అడగండి.