కూర మీద తేలే నూనె



గాంధారి మండలంలో ఏ ఇంటికి పోయినా పొయ్యి పక్కన నూనె సీసా ఉంటుంది. ఒకరింట్లో పల్లి నూనె. ఇంకొకరింట్లో పామాయిల్. తలకు కొబ్బరి నూనె. పండుగ నాడు నెయ్యి. ఇవి చూడటానికి వేరు వేరు. కాని అన్నీ ఒకే జాతి. వీటిని కొవ్వులు అంటారు. పెద్ద చదువుల పుస్తకాల్లో లిపిడ్లు అని రాస్తారు.

"వానికి కొవ్వెక్కింది" అని తిడుతుంటారు. కొవ్వు చేసే పని తెలిస్తే ఆ తిట్టు నోటికి రాదు.

కొవ్వు ఎట్లా ఉంటుంది? కంటికి కనిపించనంత చిన్న కొయ్య అనుకోండి. దానికి మూడు పొడుగాటి తోకలు. కొయ్య పేరు గ్లిజరాల్. తోకల పేరు కొవ్వు ఆమ్లాలు. జొన్న చొప్ప నిటారుగా ఉంటుంది. మోపు కడితే గట్టిగా ఒదుగుతుంది. వంకర కట్టెలు ఒదగవు. నడుమ సందులుంటాయి. నెయ్యిలో, కొబ్బరి నూనెలో నిటారు తోకలు ఎక్కువ. అందుకే చలికాలం గడ్డ కడతాయి. పల్లి నూనెలో వంకర తోకలు ఎక్కువ. అందుకే అది పారుతుంది.

వనస్పతి సంగతి వేరు. అది నూనెను ఫ్యాక్టరీలో గట్టిపరచి చేసింది. అట్లా చేసేటప్పుడు కొన్ని తోకలు చెడిపోతాయి. వాటిని ట్రాన్స్ కొవ్వు అంటారు. అది గుండెకు చేటు. నూనెల్లో, వనస్పతిలో అది నూటికి 2 పాళ్ళు మించరాదని 2022 జనవరి నుండి నియమం ఉంది. గారెలు కాల్చిన నూనెను మళ్ళీ మళ్ళీ కాచినా చెడుతుంది.

మన ఒళ్ళు కోట్ల కోట్ల చిన్న గదులతో కట్టిన ఇల్లు. ఆ గదులే కణాలు. ప్రతి గది చుట్టూ పలుచని గోడ ఉంటుంది. ఆ గోడ ముఖ్యంగా కొవ్వుతో కట్టిందే. ఈ కొవ్వుకు ఒక తల, రెండు తోకలు. తలకు నీళ్ళంటే ఇష్టం. తోకలకు నీళ్ళు గిట్టవు. అందుకే తలలు బయటికి, తోకలు లోపలికి పెట్టి రెండు వరుసలుగా నిలబడతాయి. మెదడులో నీళ్ళు తీసేస్తే మిగిలిన దాంట్లో సగానికి పైన కొవ్వే. కొలెస్టరాల్ పేరు వింటే భయపడతారు. ఎక్కువైతే రక్తనాళాల్లో పేరుకుంటుంది, నిజమే. కాని నెలసరిని నడిపే హార్మోన్లు దానితోనే తయారవుతాయి.

కొవ్వు బలం కూడా. ఒక గ్రాము పిండి పదార్థం 4 కేలరీల శక్తి ఇస్తుంది. ఒక గ్రాము నూనె 9 ఇస్తుంది. పసిపిల్ల కడుపు చిన్నది. గిన్నెడు బువ్వ పట్టదు. బువ్వలో చెంచా నూనె కలిపితే కొద్ది ముద్దల్లోనే బలం వస్తది. "నూనె పెడితే దగ్గు వస్తది" అని ముసలమ్మలు అంటారు. దగ్గు క్రిములతో వస్తది, పొయ్యి పొగతో వస్తది. బువ్వలో కలిపిన నూనెతో రాదు.

ఇంకో సంగతి. తోటకూర, పాలకూర, మునగాకు కళ్ళకు మంచివి. వాటిలో విటమిన్ 'ఎ' తయారయ్యే పదార్థం ఉంది. అది నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. నూనె లేకుండా ఉడికించి తింటే చాలావరకు ఒంటికి పట్టదు. అది తక్కువైతే రేచీకటి వస్తది. తొమ్మిదో నెల నుండి అయిదేళ్ళ దాకా పిల్లలకు ఆరు నెలలకోసారి పోసే విటమిన్ 'ఎ' మందు కూడా నూనెలో కలిపిందే. ఆ కార్యక్రమం 1970లో మొదలైంది. దాని వెనుక హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన ఉంది.

ఇక కూర గిన్నె దగ్గరికి వద్దాం. నూనె నీళ్ళకంటె తేలిక. నీళ్ళలో కలవదు. కూర దించగానే పైకి తేలుతుంది. మొదట ఎవరికి వడ్డిస్తారు? మామకు, ఇంటాయనకు, కొడుకులకు. గంటె పైపైన తిరుగుతుంది. తేలిన నూనె వాళ్ళ పళ్ళెంలోకి పోతుంది. కోడలు ఆఖరున అడుగు ఊడ్చుకొని తింటుంది. ఆమె కడుపుతో ఉంటే, పాలిచ్చే తల్లి అయితే రోజుకు 30 గ్రాముల నూనె కావాలి. అంటే చిన్న చెంచాతో ఆరు. కూర్చొని పని చేసే మనిషికి అంత అక్కర లేదు. కావలసిన మనిషికి దొరకదు, అక్కర లేని మనిషికి దొరుకుతుంది!

వడ్డించే ముందు గంటెను అడుగు దాకా పెట్టి కలపండి. కాసేపు ఆగితే నూనె మళ్ళీ తేలుతుంది. అందుకని కలిపిన వెంటనే కోడలి వాటా, ఆడపిల్లల వాటా వేరే గిన్నెలో తీసి మూత పెట్టండి. ఆ తర్వాతే మిగతావాళ్ళకు వడ్డించండి.