అక్షరములకు కలుపుతీత
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



కలుపుతీత యనగానే వరిమడి స్ఫురించును. గుడ్డపై అక్షరములు అంటించు పనియందును కలుపుతీత కలదు. ఆ పనివారు వాడు 'వీడింగు' అను ఇంగ్లీషు మాటకును అర్థమదియే. వేదికలవెనుక వ్రేలాడు గుడ్డపై 'గ్రంథాలయము' అను ఒక్క మాటను అంటించు విధము చూచినచో ఇందలి కష్టము తెలియగలదు.

వేడికి అంటుకొను వినైలు సరకున పైన పారదర్శకమగు ఆధారపత్రము, దాని క్రింద రంగుపొర, ఆ పొర వెనుక వేడిమికి కరగు జిగురు ఉండును. రంగుపొర మందము సుమారు 0.1 మిల్లీమీటరు మాత్రమే. కటింగు ప్లాటరు అను యంత్రమునందలి చిన్నకత్తి జిగురువైపునుండి ఈ పొరను కోయవలెను. ఆధారపత్రమును మాత్రము కోయరాదు. తాటియాకుపై గంటము నడిపిన పూర్వలేఖకులకు ఈ మర్మము తెలిసినదే: గీత పడవలెను, ఆకు చీలరాదు. అందువలన పనివాడు ముందుగా సరకు అంచున చిన్న చదరము కోసి, ఊడదీసి, కత్తి దిగిన లోతు చూచుకొనును. అచ్చుకూటపు సీసపు అక్షరములవలె ఇవియు అద్దములోని నీడవలె తిరుగబడి ఉండవలెను. ఇది మరచినవాని సరకంతయు వ్యర్థమే.

కోత ముగిసిన పిమ్మట అక్షరము కానిదంతయు కలుపు. కొక్కెపుసూదితో మూల నెత్తి, వెనుకకు మడచి, తొందరపడక లాగవలెను. ఇంగ్లీషు పెద్దబడి అక్షరములు ఒక్కొక్కటియు ఒకే తునక గనుక అచ్చట చిక్కు తక్కువ. తెలుగున అట్లు కాదు. ప, స, హ లకు తలకట్టు విడిగా నిలుచును. సున్నలోపలి బిళ్లను విడిగా పెరుకవలెను. అన్నిటికంటె కఠినమైనది థకారము. దాని కడుపులో చుక్క గలదు. చుట్టునున్న కలుపు పోవలెను, నడుమ చుక్క నిలువవలెను. కలుపుతో చుక్కయు లేచిపోయెనా, థకారము ధకారమై, 'గ్రంథాలయము' కాస్తా 'గ్రంధాలయము' అగును! ఈ తప్పు రంగుతో వ్రాసిన బోర్డులపైనను తరచుగ కనబడుచునే యున్నది. చూచి చూచి అలవాటుపడిన కన్ను దానిని ఆక్షేపింపదు. ఠకారమున చుక్క పోయిననో, మిగులునది రకారము. అప్పుడు పాఠశాల 'పారశాల' యగును. దీనిని మాత్రము పిల్లవాడైనను పట్టుకొని నవ్వును.

కావున తెలిసిన పనివాడు సన్నని వ్రాతకు పోక, చుక్క బలముగానుండు లావుపాటి అక్షరమునే ఎన్నుకొనును. కలుపు మొండికెత్తినచో సరకును కొంచెము వెచ్చజేయును. లాగిన కలుపును వెంటనే పారవేయక వెదకుట మంచిది. పోయిన చుక్కలు దానికే అంటియుండును. ఆధారపత్రమునకు స్వయముగా జిగట గలదు గనుక, దొరికిన చుక్కను సూదిమొనతో తెచ్చి మరల దాని స్థానమున కూర్చుండబెట్టవచ్చును.

ఇక అంటించుట. గుడ్డను కొన్ని క్షణములు వేడిచేసి చెమ్మను పోగొట్టి, సరకును పరచి, హీటు ప్రెస్సుతో అదుమవలెను. సాధారణముగ 150 సెంటీగ్రేడు డిగ్రీలు, 15 సెకనుల లోపు. ఐనను సరకు చేసినవారు చెప్పిన లెక్కయే ప్రమాణము. ఆధారపత్రమును ఒక్కసారిగా లాగివేయరాదు. ఒక మూల ఎత్తి థకారమువంక చూడవలెను. చుక్క పత్రముతో లేచుచున్నచో పత్రమును మరల పరచి, మరికొన్ని సెకనులు అదిమి, అప్పుడు తీయవలెను.