పాత పడవకు ముందు నీటి పరీక్ష

అమెరికాలో యుద్ధ విమానాలు చేసిన గ్రమ్మన్ కంపెనీ, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అల్యూమినియం పడవలూ చేసింది. అక్కడి మిన్నెసోటా సరస్సుల దగ్గర పాత అల్యూమినియం చేపల పడవలు ఇప్పటికీ కనిపిస్తాయి.

అలాంటిది కొన్నారనుకోండి. వెంటనే రంగు డబ్బా తెరవకండి! ముందు కారే చోటు పట్టాలి. ఎలా? ఒడ్డునే, పడవలో కొద్దిగా నీళ్లు పోయండి. నిండా వద్దు, బరువుకు అడుగు వంగుతుంది. ఇప్పుడు కిందికి దూరి చూడండి. రేకులను కలిపే ఏ రివెట్ చుట్టూ చెమ్మ ఊరితే, అక్కడ గుర్తు పెట్టండి. వదులైన రివెట్‌కు లోపల ఒకరు ఇనుప దిమ్మె ఆనిస్తే, బయటినుంచి ఇంకొకరు సుత్తితో బిగిస్తారు. అరిగిపోయినదైతే మార్చాల్సిందే.

ఇక పడవ లోపల అడుగున పరిచే ప్లైవుడ్ సంగతి. రాగి మందు పట్టించిన చెక్క వద్దు. పుచ్చదు, నిజమే. కానీ తడి తగిలితే ఆ రాగి అల్యూమినియాన్ని తినేస్తుంది.

కారడం ఆగాకే రంగు. నున్నటి అల్యూమినియం మీద రంగు పెచ్చులూడుతుంది. అందుకే రంగుకు ముందు, పట్టు కోసం వేసే పూత కావాలి. దుకాణంలో ఎచింగ్ ప్రైమర్ అనే అడగండి.