ఇల్లు అమ్మే ముందు
(మన సంఘము వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



చదువు గురించి మాట్లాడమని కార్యదర్శిగారు అన్నారు. చదువు సంగతి ప్రతి ఏడూ చెప్పుకుంటూనే ఉన్నాము. ఈసారి ఒక ఇల్లు అమ్మకము గురించి చెప్తాను. అది మా ఇల్లే. అందులో నా తప్పు కూడా ఉన్నది. దాచి లాభం లేదు.

1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలిన తర్వాత మన హాలియా రూపమే మారింది. వరి పెరిగింది, రైస్ మిల్లులు వచ్చాయి, కోస్తా జిల్లాల రైతులు వచ్చి స్థిరపడ్డారు. అట్లా ఊరు పెరుగుతున్న కాలములోనే మా అబ్బా, చాచా కలిసి జాగా కొని రెండు పోర్షన్ల ఇల్లు కట్టారు. ఒకే గేటు, ఒకే బోరింగు, రెండు వంటిళ్లు. తూర్పు గోడకు పద్మశాలీల ఇల్లు, పడమటి గోడకు క్రైస్తవుల ఇల్లు. ఈదుకు మా ఇంటి నుండి షీర్‌ఖుర్మా వెళ్లేది, బతుకమ్మకు వాళ్ల ఇంటి నుండి సత్తుపిండి వచ్చేది.

అబ్బా, చాచా ఇద్దరూ అల్లాహ్ సన్నిధికి చేరారు. నేను ఉద్యోగరీత్యా మిర్యాలగూడలో, తమ్ముడు హైదరాబాదులో ఉన్నాము. అమ్మీ నా దగ్గరే ఉంటున్నది. చాచా పిల్లలూ ఊళ్లో లేరు. అమ్మేద్దామని అందరము అనుకున్నాము. అందరము అంటే మగవాళ్లము.

దళారి ఒక బేరము తెచ్చాడు. “సారూ, ధర మంచిగున్నది. పక్కోళ్లకు చెప్పకున్రి, బేరం చెడగొడ్తరు” అన్నాడు. నేను తల ఊపాను. బయానా తీసుకునేందుకు రోజు కూడా అనుకున్నాము. సంతకము కొరకు మా చెల్లెలికి ఫోన్ చేశాను. “భాయిజాన్, పెట్టమంటే పెడతాను. కాని ఇల్లు అమ్ముతున్నట్టు నాకు ఇప్పుడే తెలిసింది” అన్నది. కోపముతో అనలేదు. అందుకే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

బడిలో పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి, ఇంటి లెక్క తప్పాను. ఆ లెక్క ఇక్కడ చెప్తాను. చనిపోయినవారి అప్పులు, ఇవ్వవలసిన మహర్ ముందు తీర్చాలి. మిగిలినదానిలో, పిల్లలున్నప్పుడు భార్యకు ఎనిమిదో వంతు. తక్కినది కొడుకుకు రెండు పాళ్లు, కూతురుకు ఒక పాలు. అబ్బా సగానికి 20 లక్షలు వచ్చిందనుకోండి. అమ్మీకి 2.5 లక్షలు, మాకిద్దరికీ చెరి 7 లక్షలు, చెల్లెలికి 3.5 లక్షలు. ఇది మేము దయతో ఇచ్చేది కాదు, ఆమె సొమ్ము. పెండ్లికి పెట్టిన ఖర్చు దీనికి చెల్లు కాదు. ఎంత వస్తుందో చెప్పకుండా “నాకొద్దు” అని రాయించుకున్న కాగితము, కాగితమే గాని న్యాయము కాదు.

తర్వాత పొరుగు సంగతి. మన ఫిఖ్‌లో హఖ్-ఎ-షుఫా అని ఉన్నది. ఇల్లు బయటివానికి అమ్మితే, అదే ధరకు తాను కొంటానని అడిగే హక్కు. హనఫీల ప్రకారము మొదట ఆస్తిలో భాగస్థునికి, తర్వాత దారి, నీళ్లవంటివి కలిసి వాడుకునేవానికి, ఆ తర్వాత గోడ పక్క పొరుగువానికి. ఇందులో పొరుగువాడు ముస్లిమా, కాడా అనే భేదము లేదు. ఈ మాట చాలామందికి తెలియదు. “మనవాళ్లకే అమ్మాలి” అనేవారు దీన్ని గమనించాలి.

గోడ పక్క ఉన్నంత మాత్రాన ఈ హక్కు కోర్టులో చెల్లదు. అది రాజ్యాంగానికి విరుద్ధమని 1962లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కోర్టు బలవంతము లేకపోయినా మర్యాద మిగిలే ఉన్నది కదా! అడగడానికి స్టాంపు కాగితము అక్కర లేదు.

నేను బయానా ఆపించి తూర్పు ఇంటికి వెళ్లాను. వచ్చిన ధర ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ ఇంటి పెద్దాయన రెండు వారాలు గడువు అడిగారు. పైసలు కుదరలేదు. “కొనే తాకతు లేదు సారూ. అడిగిన్రు, గదే చాలు” అన్నారు. పడమటి వారు కూడా వద్దన్నారు. చివరకు బయటివారికే అమ్మాము. ఆ దళారి చెప్పిన ధరకే. చెడిపోయిన బేరము ఏదీ లేదు. వెనుక పొరుగువారి నీళ్లు పోయే మోరీ మా జాగాలో నుండి పోతుంది. ఆ సంగతి దస్తావేజులో రాయించాము. లేకపోతే కొన్నవారు మొదటి నెలలోనే దాన్ని మూసేవారేమో! రిజిస్ట్రేషన్ రోజునే చెల్లెలి డబ్బు ఆమె ఖాతాలో పడింది.

సభ్యులకు నా విన్నపములు మూడు. మొదటిది, ఇంటి పెద్ద పోయిన ఏడాదిలోపే వారసుల పేర్లు, వంతులు కాగితము మీద పెట్టుకోండి. రెండవది, బేరము పెట్టే ముందు అక్కచెల్లెళ్లతో కూర్చొని మాట్లాడండి, సంతకము నాడు కాదు. మూడవది, గోడ పక్కవారిని ఒక్కసారి అడగండి, వారు ఎవరైనా సరే. ఇల్లు అమ్ముకుని మనము వెళ్తాము, మన పేరు ఆ వాడలోనే ఉంటుంది.

అబ్బా కట్టిన ఇల్లు ఇప్పుడు మాది కాదు. కాని మొన్న ఈదుకు ఆ వాడకు వెళ్తే, తూర్పు ఇంటి అమ్మ “రా సారూ, చాయ్ తాగిపో” అని పిలిచింది.